నీళ్ళున్నంతసేపూ భయమే

నేను ఒక గాలితొట్టిని. షాపువాళ్ళు నన్ను స్విమ్మింగ్ పూల్ అని అమ్ముతారు గానీ అంత పేరు మోసే ఒడ్డూ పొడుగూ నాకు లేవు. ఒకదానిమీద ఒకటి పేర్చిన మూడు ప్లాస్టిక్ వలయాలు, కింద ఒక పలచని అడుగు, పక్కన నీళ్ళు వదలడానికి ఒక బిరడా, ఇంతే నా శరీరం. గాలి ఊదితే లేచి కూర్చుంటాను, తీసేస్తే దుప్పటిలా మడతపడి అటక ఎక్కుతాను. నా అడుగున చేపలూ తాబేళ్ళూ నవ్వుతున్నట్టు బొమ్మలు వేశారు. ఎందుకు నవ్వుతున్నాయో వాటికే తెలియాలి. నాకు మాత్రం పుట్టినప్పటినుంచీ భయమే.

ఆ భయానికి కారణం ఉంది. ఫ్యాక్టరీలో నన్ను కోసి, అతికించి, ఇక మడత పెడతారనగా వేడి అచ్చు ఒకటి తెచ్చి నా ఒంటిమీద ఎర్రటి అక్షరాలు ఒత్తారు. నా గురించి నాకు తెలిసిన మొదటి సంగతి అదే. చిన్నపిల్లలు కొద్దిపాటి నీళ్ళలో కూడా మునిగిపోతారు, చప్పుడైనా చేయరు అని దాని సారాంశం. పిల్లలు నీళ్ళలో ఉన్నంతసేపూ పెద్దవాళ్ళు ఒకరు కన్ను తిప్పకుండా చూస్తూ ఉండాలట. ఆట అయిపోగానే నీళ్ళు వదిలేయాలట. నా చుట్టూ కంచె ఉండాలట, దాని తలుపు దానంతటదే మూసుకోవాలట, గడియ పిల్లల చేతికి అందకూడదట, కంచె పక్కన ఎక్కడానికి వీలైన కుర్చీ గానీ బకెట్టు గానీ ఉండకూడదట. ఇన్ని షరతులు పెట్టి మరీ లోకంలోకి పంపుతున్నారంటే నేను ఎలాంటిదాన్నో చూడండి. బొమ్మల షాపులో నా పక్కన కూర్చున్న ఎలుగుబంటి మీద ఇలాంటి రాత ఒక్కటీ లేదు.

షాపువాడు ఏం చేశాడంటే, డిస్కౌంట్ స్టిక్కర్ తెచ్చి సరిగ్గా ఆ ఎర్ర అక్షరాలమీదే అంటించాడు. మనుషులకు ఏది ముందు కనబడాలో వాడికి బాగా తెలుసు.

నన్ను మొదట కొన్నది హైదరాబాదులో పద్మజ అనే ఆవిడ. అపార్ట్‌మెంట్ మేడమీద పరిచి పిల్లల్ని ఆడిద్దామనుకుంది. అసోసియేషన్ సెక్రటరీ ఒప్పుకోలేదు. ఆయన రిటైరైన ఇంజనీరు. స్లాబు బరువు గురించి ఒక ఉపన్యాసం, కంచె ఎత్తు గురించి ఇంకో ఉపన్యాసం ఇచ్చి, కంచె కట్టనిదే చుక్క నీరు పోయడానికి వీల్లేదన్నాడు. అందరూ ఆయన్ని చాదస్తుడని నవ్వుకున్నారు. నాకైతే ఆయన కాళ్ళమీద పడాలనిపించింది. కంచె ఎవరు కట్టాలి, ఖర్చు ఎవరు పెట్టుకోవాలి అని మీటింగుల మీద మీటింగులు జరిగి, చివరికి కంచె లేచేసరికి వానాకాలం వచ్చేసింది. ఆ కంచెమీద బట్టలు ఆరేసుకున్నారు. నాలో ఒక్క చెంబు నీళ్ళు కూడా పడలేదు. నా జీవితంలో నేను నిశ్చింతగా నిద్రపోయిన రోజులంటూ ఉంటే అవే.

పద్మజకు విసుగొచ్చి నన్ను పుట్టింటికి పంపేసింది. పుట్టిల్లు మంచిర్యాలలో. అక్కడ ఆమె తమ్ముడు రాజేందర్, అతని భార్య ఝాన్సీ, వాళ్ళ కూతురు శ్రీనిక, ఈమధ్యే నడక నేర్చిన కొడుకు బబ్లు, వీళ్ళందరి పెద్దదిక్కు ఓదెమ్మ ఉంటారు. ఓదెమ్మ రాజేందర్ తల్లి, ఆమె భర్త ఊళ్ళో పొలం చూసుకుంటూ అక్కడే ఉంటాడు. కంచె మాత్రం నాతో రాలేదు, హైదరాబాదు బట్టలకు అది అవసరపడింది.

మంచిర్యాల ఎండలు ఎలాంటివో అక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. వాకిట్లో నన్ను పరిచేసరికి శ్రీనిక గంతులేసింది, బబ్లు నా గోడను రెండు చేతులా పట్టుకుని ఊపాడు. ఝాన్సీ మాత్రం గంతులు వేయలేదు. స్టిక్కర్ అంచు గోటితో లేపి, నెమ్మదిగా పీకి, కింద ఉన్నదంతా చదివింది. ఆమె ఇంట్లోనే పిల్లలకు ట్యూషన్లు చెబుతుంది, ఎర్ర అక్షరాలు కనబడితే చదవకుండా ఉండలేదు. చదివి లేచి, "దీని సుట్టు కంచె వెయ్యాలె," అంది.

"మూరెడు నీళ్ళకు కంచె ఏందే? చెరువేమన్న తవ్వినమా?" అన్నాడు రాజేందర్ నవ్వుతూ.

"మా చిన్నమ్మ కొడుకు పోయింది చెర్ల గాదు, సంపుల. అండ్ల నీళ్ళు నా మోకాలు దాక సుత లెవ్వు. అందరం ఇంట్లనే ఉన్నం. మా చిన్నమ్మ పక్క అర్రల కూరగాయలు కోస్తున్నది. ఒక్క సప్పుడు ఇనవడలే."

రాజేందర్ నవ్వు ఆగిపోయింది. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఈ సంగతి ఆమె ఎన్నడూ చెప్పలేదట. వెంటనే బండి తీసి వెల్డింగ్ షాపుకు వెళ్ళాడు.

వచ్చిన కంచె బాగుంది. ఇనుప జాలి, నాలుగు పక్కలా పైపులు, పిల్లవాడి తలకంటే చాలా ఎత్తు. తలుపు బయటికి తెరుచుకుంటుంది, గడియ పైన ఉంది. దానంతటదే మూసుకోవడానికి స్ప్రింగు దొరకలేదని రాజేందర్ పాత సైకిల్ ట్యూబు కోసి, లాగి కట్టాడు. తలుపు తెరిచి చేయి వదిలితే చాలు, టప్పున వెళ్ళి మూసుకునేది, గడియ పడేది. ఆ చప్పుడు వినగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. ఝాన్సీకి కూడా అంతే. వంటింట్లో ఉన్నా, ట్యూషన్ చెబుతున్నా, తలుపు తెరుచుకున్న కిర్రుమనే శబ్దం వెంట టప్పుమనే శబ్దం వినబడేదాకా ఆమె మాట మధ్యలో ఆగిపోయేది. ఆ ఇంట్లో భయపడేవాళ్ళం మేమిద్దరమే. ఆమెను చూస్తే నాకు తోడు దొరికినట్టుండేది.

సాయంత్రాలు పిల్లలు దిగేవాళ్ళు. ఝాన్సీ చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, కాళ్ళు నాలో పెట్టుకుని, చెరో పక్కా ఇద్దరినీ కూర్చోబెట్టుకునేది. ఫోను మోగినా తీసేది కాదు. బబ్లు అరచేత్తో నీళ్ళను కొట్టి, తన మొహాన తనే చల్లుకుని, ఎవరో కొట్టినట్టు ఉలిక్కిపడేవాడు. ఆ గంటసేపు నాకూ నవ్వొచ్చేది, ఒప్పుకుంటాను. అయినా నా చూపంతా ఆమె చేతిమీదే ఉండేది, అది వాడి చొక్కా పట్టుకుని ఉందా లేదా అని.

చిక్కంతా ఆట అయ్యాక వచ్చింది. మొదటిరోజు ఝాన్సీ వంగి నా బిరడా తీయబోతే ఓదెమ్మ వచ్చి చేయి పట్టుకుంది.

"ఆగు బిడ్డా. గిన్ని నీళ్ళు మోరిల వారబోస్తవా? కండ్లు పోతయ్."

ఓదెమ్మను నేను తప్పు పట్టను. కోడలిగా వచ్చిన కొత్తలో ఊరవతల బావినుంచి తలమీద రెండు బిందెలు, చంకలో ఒకటి మోసిన మనిషి. చేతులు కడుక్కున్న నీళ్ళను కూడా తులసి కుండీలో పోస్తుంది. ఆ వాడలో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, ఎండలు ముదిరితే అదీ నమ్మకం లేదు. అలాంటి చోట నీళ్ళను మురుగు మోరీలోకి వదలమంటే ఆమెకు చేతులెలా వస్తాయి? అత్తాకోడళ్ళు ఒక ఒప్పందానికి వచ్చారు. గిన్నెలకు, బట్టలకు, వాకిలి చల్లడానికి ముంచుకోవాలి, పొద్దు గూకేసరికి నన్ను ఖాళీ చేయాలి.

ఒప్పందం కొన్నాళ్ళు బాగానే నడిచింది. తర్వాత ఒకసారి నల్లా రాలేదు, అందుకని ఉన్న నీళ్ళు మర్నాటికి ఉంచారు. ఆ మర్నాడు కూడా రాలేదు. అలా అలా నేను ఆటతొట్టిని కాస్తా ఇంటి నీళ్ళతొట్టిని అయ్యాను. నల్లా వచ్చినప్పుడల్లా నింపేవాళ్ళు, ఎప్పుడు చూసినా నిండుగా, ఎప్పుడు చూసినా భయంగా ఉండేదాన్ని. ఝాన్సీ గొణిగేది, "తలుపు ఉన్నది గదా బిడ్డా," అని ఓదెమ్మ సర్దిచెప్పేది. తలుపు ఉంది, నిజమే. నేను కూడా ఆ మాటే చెప్పుకుని ఓదార్చుకునేదాన్ని.

ఇంతలో వాడకు నా సంగతి తెలిసింది. ఎదురింటి సమ్మక్క మొదట వచ్చింది, "పెద్దమ్మా, ఒక్క బిందె," అంటూ. ఓదెమ్మ మొహం వెలిగిపోయింది. నీళ్ళు అడిగినవాళ్ళకు లేదనకపోవడం ఆమెకు పెద్ద గౌరవం. ఒకప్పుడు తనను లేదు పొమ్మన్న ఇళ్ళు ఇప్పటికీ పేరుపేరునా గుర్తున్నాయి. సమ్మక్క వెంట ఇంకొకరు, వాళ్ళ వెంట మరొకరు వచ్చారు. ఇప్పుడు చూడండి మనుషుల మంచితనం ఎలా మలుపు తిరుగుతుందో. చంకలో నిండు బిందె, చేతిలో బకెట్టు పెట్టుకుని బయటికి వెళుతుంటే ఆ సైకిల్ ట్యూబు తలుపు వచ్చి నడుంమీద కొట్టేది. నీళ్ళు ఒలికేవి, ఒలికిన చోట కాలు జారేది. ఎవరో తలుపుకు ఒక ఇటుక అడ్డం పెట్టారు. ఎవరు పెట్టారో చూశాను గానీ చెప్పను, వాళ్ళ జాగాలో ఎవరున్నా అదే చేసేవాళ్ళు.

ఝాన్సీ చూసి ఇటుక తీసి గోడవతల పారేసింది. మర్నాడు ఇంకో ఇటుక వచ్చింది.

"అత్తమ్మా, గా ఇటుక వెట్టకుండ్రి అని జెప్పు వాళ్ళకు."

"చెప్త లే. గా తలుపు పగలంత టప్పు టప్పుమని కొట్టుకుంటె నాకు కునుకు వడ్తలేదు. నీళ్ళకొచ్చినోళ్ళు పోయినంక నేనే తీస్త."

ఆమె తీసేది కూడా. చాలాసార్లు తీసేది. తీయని సార్లు నేను ఆ తెరిచిన తలుపు వంక చూస్తూ, వాకిట్లో బబ్లు అడుగుల చప్పుడు ఎటునుంచి ఎటు పోతోందో వింటూ బిగుసుకుని ఉండేదాన్ని. నాకు నోరుంటే ఆ వాడంతా లేచిపోయేలా అరిచేదాన్ని. నోరు లేదు, ఒంటిమీద రాతలు ఉన్నాయి, వాటిమీద ఇప్పుడు తడి తువ్వాళ్ళు ఆరేస్తున్నారు.

ఆ రోజు ఎదురింట్లో సమ్మక్క కూతురి ఒడిలో బియ్యం పోసి దీవించే ఒడిబియ్యం వేడుక జరుగుతోంది. ఇంటినిండా చుట్టాలు, నల్లా చూస్తే పొద్దటినుంచి చుక్క లేదు. ఇక చెప్పేదేముంది, బిందెలన్నీ నా దగ్గరికే. ఓదెమ్మ తెరిచిన జాలి తలుపు దగ్గర, నాకు చేయందేలా పీట వేసుకుని కూర్చుని, తనే స్వయంగా చెంబుతో ముంచి పోస్తూ, వచ్చిన ప్రతి మనిషినీ ఏ ఊరు, ఎవరి బిడ్డ అని అడుగుతోంది. బబ్లు ఆమె మోకాళ్ళను ఆనుకుని నిలబడి, ముంచడం, పోయడం, ముంచడం, పోయడం, అదే పనిగా చూస్తున్నాడు. శ్రీనిక ఎదురింట్లో ఉంది. ఝాన్సీ లోపల వంటకు పోతూ పోతూ గుమ్మంలో ఆగింది.

"అత్తమ్మా, పిలగాడు పైలం."

"నేను లేనా," అంది ఓదెమ్మ. ఆ మాట ఆమె నిజంగానే అంది, నిజంగానే అనుకుంది.

చివరి బిందెలు వెళ్ళే సమయానికి ఎదురింటినుంచి కేక వచ్చింది, పెద్ద ముత్తయిదువు వచ్చి మొదటి దోసెడు బియ్యం పోయాలట. ఓదెమ్మ లేచింది. సమ్మక్క బబ్లు బుగ్గ గిల్లి "దా బిడ్డా" అనడం ఆమె విన్నది, వాణ్ణి సమ్మక్క ఎత్తుకుందనుకుంది. సమ్మక్క రెండు చేతులా బిందెలు ఎత్తుకుని, పిల్లవాడు నాయనమ్మ కొంగు పట్టుకుని వస్తున్నాడనుకుంది. వాకిట్లో అప్పటిదాకా అంతమంది ఆడవాళ్ళు ఉన్నారు. ఒక్కొక్కరూ వాడు ఇంకొకరి దగ్గర ఉన్నాడనుకున్నారు. అందరూ వెళ్ళిపోయారు. తలుపు బార్లా తెరిచి ఉంది, దాని అడుగున ఇటుక ఉంది.

వాడు మిగిలాడు. పీటపక్కన ఓదెమ్మ వదిలిన చెంబు మిగిలింది.

వాడు చెంబు తీసుకున్నాడు. పొద్దటినుంచీ ఇంట్లో పెద్దవాళ్ళంతా చేస్తున్న పని తనూ చేయాలనుకున్నాడు, అంతకంటే ఏమీ లేదు. రెండు చేతులా చెంబు పట్టుకుని, నాయనమ్మలాగే మూలుగుతూ, తలుపు దాటి నా దగ్గరికి వచ్చాడు. నేను వద్దు వద్దు అనుకుంటూనే ఉన్నాను. వాడి పొట్ట నా గోడకు ఆనింది.

నా గోడ గట్టిదైతే వాడు అక్కడే ఆగిపోయేవాడు. ఇటుక తొట్టి అయితే ఆగేవాడు, ఇనుప తొట్టి అయితే ఆగేవాడు. నేను మెత్తగా ఉంటానని, పిల్లలకు దెబ్బ తగలదని కదా కొన్నారు. వాడు ముందుకు వంగాడు, నేను కూడా వంగిపోయాను. బిగబట్టుకోవడానికి నాలో ఎముక లేదు, ఉన్నదంతా గాలి. వాడి కాళ్ళు నేలనుంచి లేచాయి, తల ముందుగా లోపలికి జారాడు. నా గోడ మళ్ళీ మామూలుగా లేచి నిలబడింది.

చప్పుడు లేదు. అచ్చు ఒత్తినవాళ్ళు రాసింది అక్షరాలా నిజం, చప్పుడే లేదు. ఎదురింట్లో ఆడవాళ్ళు పాట పాడుతున్నారు, ఎవరో నవ్వుతున్నారు. వాడి చిన్న చేతులు నా అడుగున ఉన్న చేపలమీద తడుముకున్నాయి, పట్టుకోవడానికి వాటిలో ఏ ఒక్కటీ నిజం కాదు. వాణ్ణి పైకెత్తాలని నేను ఎంత ఏడ్చానో నాకే తెలుసు. నాకు చేతులు లేవు. అంతటి భయం పగవాడికి కూడా వద్దు.

లోపల ఝాన్సీ పొయ్యిమీద చారు పెట్టింది. చాలాసేపటినుంచి వాకిట్లో ఆడవాళ్ళ మాటలు వినబడుతున్నాయి గానీ తలుపు టప్పున మూసుకున్న చప్పుడు వినబడటం లేదని ఆమెకు లోలోపల గుచ్చుకుంటూనే ఉందట. ఇప్పుడు మాటలు కూడా ఆగిపోయాయి. ఆగి కూడా తలుపు పడలేదు. గరిటె వదిలేసి పరుగెత్తింది. వాకిట్లో ఎవరూ లేకపోవడం చూసింది, తెరిచిన తలుపు చూసింది. ఇటుక కాలికి తగిలి బోర్లా వచ్చి నామీదే పడింది. ఆమె బరువుకు నా గోడ అణిగిపోయి సగం నీళ్ళు బయటికి దూకాయి. ఆ నీళ్ళతోపాటే వాణ్ణి జుట్టు పట్టి లాగింది.

పెదవులు నీలంగా ఉన్నాయి. వాడు ఏడవలేదు. ఆమె కూడా ఏడవలేదు. వాణ్ణి నేలమీద వెల్లకిలా పడుకోబెట్టి, వాడి నోటిమీద, ముక్కుమీద తన నోరు ఆనించి ఊపిరి ఊదింది. నాలోకి పంపుతో గాలి కొట్టడం ఎన్నోసార్లు చూశాను గానీ ఒక మనిషి ఇంకో మనిషిలోకి ఊపిరి పోయడం అదే మొదటిసారి చూడటం. ఊదింది, ఆగి చూసింది, మళ్ళీ ఊదింది. "బబ్లూ, బిడ్డా, అమ్మ ఈడనే ఉన్న," అంటూ మళ్ళీ ఊదింది. వాడు ఒక్కసారి దగ్గాడు. నోట్లోంచి నీళ్ళు కక్కాడు. తర్వాత గొంతు చించుకుని ఏడ్చాడు. లోకంలో ఏడుపంత తియ్యటి చప్పుడు ఇంకోటి ఉంటుందని నేననుకోను.

ఆ ఏడుపుకు ఎదురింటినుంచి అందరూ ఉరికి వచ్చారు. ఎవరో ఆటో పిలిచారు. ఝాన్సీ కాలినుంచి నెత్తురు కారుతుండగానే పిల్లవాణ్ణి గుండెకు అదుముకుని ఎక్కింది, ఆసుపత్రిలో చూపించాలి, ఊపిరితిత్తుల్లో నీళ్ళు ఉంటే తర్వాతైనా ముప్పేనట. రాజేందర్ అటునుంచి అటే ఆసుపత్రికి వచ్చాడట. వాకిట్లో ఓదెమ్మ ఒక్కతే మిగిలింది. ఆమె గుప్పిట్లో ఇంకా ఒడిబియ్యం గింజలు ఉన్నాయి. జాలి తలుపు దగ్గర నేలమీద కూలబడి, నాలో మిగిలిన నీళ్ళ వంక చూస్తూ కూర్చుంది. ఎవరో వచ్చి నీళ్ళిస్తే తాగలేదు.

ఎంతసేపటికో సమ్మక్క ఇంట్లో ఫోను మోగింది. శ్రీనిక పరుగెత్తుకుంటూ వచ్చింది.

"నాయినమ్మా! తమ్ముడు మంచిగున్నడంట! బిస్కెట్ గావాలని ఏడుస్తున్నడంట! ఇయ్యాల ఆడనే ఉంచుకొని రేపు పంపుతరంట!"

ఓదెమ్మ లేచింది. ఇంట్లోకి వెళ్ళి కొడవలి తెచ్చింది. నా దగ్గరికి వచ్చి, ఒక చేత్తో నా గోడ పట్టుకుని, ఇంకో చేత్తో పైనుంచి కిందిదాకా ఒక్క కోత కోసింది. గాలి బుస్సుమంది, నీళ్ళు ఒక్కసారిగా వాకిట్లో పడి, గేటు కిందనుంచి వీధిలోకి, వీధిలోంచి మోరీలోకి పారాయి. చేతులు కడిగిన నీళ్ళను కూడా పారబోయని మనిషి ఆ పారే నీళ్ళలో నిలబడి చూసింది. నాకు నొప్పి అనిపించలేదు. ఇన్నాళ్ళకు నా మాట ఎవరో విన్నారనిపించింది.

వీధిలో ఆడవాళ్ళు బిందెలతో నిలబడి ఉన్నారు. నల్లా ఇంకా రాలేదు. కాళ్ళముందునుంచే నీళ్ళు పోతున్నాయి, ఒక్కరు కూడా వంగి ముంచుకోలేదు. సమ్మక్క తన బిందె బోర్లించి గోడవారన పెట్టి, కొంగుతో మొహం కప్పుకుంది.

మర్నాడు ఝాన్సీ పిల్లవాణ్ణి తీసుకుని వచ్చింది. ఓదెమ్మ అరుగుమీదే ఉంది. కోడలి మొహం చూడలేక కోడలి కాలికున్న కట్టు చూస్తూ మాట్లాడింది.

"తలుపు సప్పుడుకు నిద్ర వడ్తలేదంటి బిడ్డా. ఇగ నేను బతికినన్ని దినాలు నాకు నిద్ర రాదు."

ఝాన్సీకి అనాలంటే అనడానికి చాలా ఉంది. అయినా వంగి, బబ్లును తీసుకెళ్ళి ఓదెమ్మ ఒళ్ళోనే కూర్చోబెట్టి, తనూ ఆ పక్కనే కూర్చుంది. ముసలావిడ చేతులు వాడి నడుం చుట్టూ బిగుసుకున్నాయి.

నన్ను పాత సామాన్లవాడికి వేయలేదు. ప్లాస్టిక్ మందంగా ఉందని చింపి, పరిచి, ప్రహరీ గోడ పక్కన కట్టెల మోపుమీద కప్పారు. ఎర్ర అక్షరాలున్న పక్క పైకి వచ్చింది, ఎండకు వెలిసిపోతోంది. ఇప్పుడు నాకు గోడలు లేవు, లోతు లేదు, నాలో మునగడానికి ఏమీ లేదు. ఇక నాకు భయం తీరిపోయిందని మీరనుకుంటారు.

మొన్న తొలకరి పడింది. కట్టెల మధ్య సందులో నేను కాస్త కిందికి జారిన చోట నీళ్ళు నిలిచాయి. చిన్న గుంట, దోసెడు నీళ్ళు. వాన వెలిసీ వెలవకముందే బబ్లు వాకిట్లోకి వచ్చి, తడి కట్టెను పట్టుకుని, మునివేళ్ళమీద లేచి లోపలికి తొంగిచూడబోయాడు. లోపలినుంచి ఓదెమ్మ "ఓ ఝాన్సీ" అని కేకవేస్తూనే చేతికర్ర పట్టుకుని రానే వచ్చింది. వాణ్ణి ఒక చేత్తో వెనక్కి లాగి, కర్రతో నన్ను కిందనుంచి పొడిచి ఎత్తింది, నీళ్ళు జారి నేలలో ఇంకిపోయాయి. దోసెడంటే దోసెడే అవి. అయినా ఆ చివరి చుక్క జారేదాకా ఆమెకూ ఊపిరాడలేదు, నాకూ ఆడలేదు.